పదమూడు వందల అరవై పాయింట్లు

ఆనంద్ పాల్ మాస్టారి దగ్గర మూడు క్రెడిట్ కార్డులుండేవి. తాడేపల్లిగూడెం ఎయిడెడ్ హైస్కూల్లో లెక్కలు చెప్పుకునే మనిషికి మూడు కార్డులెందుకని స్టాఫ్ రూములో మొదట నవ్వుకున్నారు. రెండువేల ఏడు నాటికి ఆ నవ్విన వాళ్లందరి జేబుల్లోనూ ఒకటో రెండో కార్డులు చేరాయి. బ్యాంకు మెట్ల దగ్గర టేబులు వేసుకుని కూర్చున్న కుర్రాళ్లు జీతం కాగితం చూపిస్తే చాలు, కార్డు ఇంటికి పంపిస్తున్న రోజులవి. కార్డయితే వచ్చింది గానీ దాన్ని ఎక్కడ తియ్యాలో ఎక్కడ దాచాలో తెలియదు. ఆ ముక్క అడగడానికి ఆనంద్ పాల్ దగ్గరికే రావాలి.

అతని నీలం కార్డు వందకి ఒక పాయింటు ఇస్తుంది. ఎర్ర కార్డు కొన్నదాంట్లో ఐదు శాతం వెనక్కిస్తుంది గానీ నెలకి మూడొందలు దాటనివ్వదు. పసుప్పచ్చ కార్డు పెట్రోలు బంకులో అదనంగా పడే ఛార్జీ పడకుండా కాస్తుంది, అంతకు మించి దానికేమీ రాదు.

"టైర్లకి ఏది గీకమంటారు మాస్టారూ?" అని ఓ రోజు సోషల్ చెప్పే పాండురంగారావు అడిగాడు.

"మీ ఎర్రది. ఈ నెల మూడొందలూ మిగిలే ఉన్నాయాండీ?"

"ఎక్కడివండీ, మా ఆవిడ చీరలకి ఊడ్చేసింది."

"అయితే ఒకటో తారీకు దాకా పాత టైర్లతోనే తిరగండి."

పాండురంగారావు తొమ్మిది రోజులు అరిగిన టైర్లతోనే తిరిగాడు. రెండుసార్లు పంచరు వేయించుకున్నాడు. ఆ పంచరు డబ్బుల సంగతి ఆనంద్ పాల్‌తో అనలేదు.

ఇన్ని లెక్కలు తెలిసిన మనిషికీ ఒక లోటు మిగిలిపోయింది. నాలుగేళ్ల కిందట అక్క పెద్ద కూతురు కెజియా పెళ్లిలో, చదివింపులు మైకులో చదువుతూ, "మేనమామ ఆనంద్ పాల్ గారు, గోడ గడియారం ఒకటి" అన్నారు. పందిట్లో వెనక వరసలోంచి ఎవరో "భోజనాల టైము చూసుకోమన్నార్రా" అన్నారు. అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. అక్క నవ్వకపోవడమే అతనికి ఎక్కువ గుర్తుండిపోయింది. ఇప్పుడు రెండో కూతురు జాయ్సీకి పెళ్లి కుదిరింది. "నువ్వేమీ తేవద్దురా తమ్ముడూ, వచ్చి నిలబడు చాలు" అని ఫోన్లో అక్క అన్నప్పుడే ఆనంద్ పాల్ గ్రైండర్ పెట్టాలని తీర్మానించుకున్నాడు.

గ్రైండర్ అంటే షాపులో కొనే గ్రైండర్ కాదు. నీలం కార్డు వాళ్లు పంపిన రంగుల పుస్తకంలో పద్నాలుగో పేజీలో ఉన్నది. రెండు రాళ్ల టేబుల్ టాపు. తొమ్మిది వేల పాయింట్లు. రెండేళ్ల నుంచి తెలిసినవాళ్ల కొనుగోళ్లు కూడా దాని మీదే గీకించి పోగేస్తే అతని దగ్గర ఏడు వేల ఆరువందల నలభై ఉన్నాయి. ఇంకా పదమూడు వందల అరవై తక్కువ.

"మూడు వేలు పెడితే మీ అక్కగారి ఊరు గణపవరంలోనే దొరుకుతుంది కదండీ" అంది భార్య ప్రభావతి. ఆమె ఉంగుటూరు దగ్గర పీహెచ్‌సీలో నర్సు. ఏ పనికైనా దగ్గరి దారి చూసే మనిషి.

"ఇంటి లోను పోను మూడు వేలు ఎక్కడ మిగులుతోంది?"

"పోయిన నెల తువ్వాళ్ల సెట్టు కొంటే ఎన్నో పాయింట్లన్నారు. అవి కొనకుండా ఉంటే మిగిలేది."

ఆనంద్ పాల్ రంగుల పుస్తకం మళ్లీ తెరిచాడు. డబ్బు పారేసి కొనడం ఎవడైనా చేస్తాడు. ఎవరికీ తెలియని దారిలో తెచ్చి పెట్టడంలోనే అతని గొప్పంతా ఉంది. అది పెళ్లాంతో చెప్పుకునే మాట కాదు.

ఏప్రిల్ మూడో ఆదివారం సాయంత్రం అక్క ఫోను చేసి, గురువారం పెళ్లి బట్టలకి ఏలూరు వెళ్తున్నామంది. ఆ నెలాఖరు దాకా నీలం కార్డు మీద బట్టలకి రెట్టింపు పాయింట్లు. వందకి రెండు. ఆనంద్ పాల్ నోటితోనే లెక్క కట్టాడు. అరవై ఎనిమిది వేల బట్టలు కొంటే పదమూడు వందల అరవై. కార్డు మీద డెబ్భై ఐదు వేల దాకా గీకొచ్చు. ఇక మిగిలిందల్లా రెండు వైపుల బట్టలూ తన కార్డు మీద గీకించి, వాళ్ల డబ్బు తను తీసుకుని బ్యాంకులో కట్టేసుకోవడం. ఎవరికీ పైసా నష్టం లేదు.

గురువారం పొద్దున్న పది గంటలకి ఏలూరు ఆర్.ఆర్.పేటలో బట్టల షాపు ముందు రెండు పక్షాలూ దిగాయి. గణపవరం వైపు నుంచి బావ ఎలీషా, అక్క, పిల్లలు, చుట్టాలు ఏడుగురు. తాడేపల్లిగూడెం నుంచి ఆనంద్ పాల్, ప్రభావతి వచ్చి కలిశారు. పెదవేగి నుంచి పెళ్లికొడుకు తండ్రి ఏసోబు ట్రాక్సు బండి మాట్లాడుకుని తొమ్మిది మందిని దింపాడు. ఏసోబుకి రెండు ట్రాక్టర్లు ఉన్నాయి. పామాయిల్ తోటల్లో గెలలు తోలుతాడు. తక్కువ మాట్లాడతాడు. ఆ తక్కువకి సరిపడా ఆయన అక్క యేసమ్మ మాట్లాడుతుంది.

"ఇదేంటి బాబూ, తెల్ల చీర చూపించమంటే మీగడ రంగు చూపిస్తున్నావ్?" అంది యేసమ్మ.

"ఇది హాఫ్ వైట్ అంటారండీ."

"సగం తెలుపు సగం పెళ్లికి కడతారు. మాది మొత్తం పెళ్లి. తెల్లది తియ్యి."

మధ్యాహ్నం రెండయ్యేసరికి ఆనంద్ పాల్ మనసులో మొత్తం అరవై రెండు వేల దగ్గర ఆగింది. ఆడవాళ్లు లేవబోతున్నారు. అతను అక్క పక్కకి జరిగి, "అక్కా, యేసమ్మక్కగారికి కూడా మనవైపు నుంచి ఒక పట్టుచీర పెడితే బాగుంటుందేమో" అన్నాడు.

యేసమ్మ విననట్టు కూర్చుంది గానీ మళ్లీ సర్దుకుని కూర్చుంది.

"ఆమెకొక్కదానికే పెడితే తక్కినవాళ్లు ఊరుకుంటారా?" అంది అక్క.

"ఊరుకోరు. తక్కినవాళ్లకీ పెడదాం."

ఎలీషా బామ్మర్ది మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. ఆయనకి సంగతి పొద్దున్నే తెలుసు. "నీ పాయింట్ల కోసం నా జేబు చింపుతావేంట్రా బాబూ? చేపల చెరువు పట్టుబడి ఇంకా రెండు నెలలుంది" అన్నాడు. అన్నాడే గానీ తీశాడు. నాలుగు చీరలు తీశారు.

వరుడి వైపు బిల్లు, అంటే ఏసోబు పెళ్లికూతురికి పెట్టే బట్టలు, నలభై ఒక్క వేల రెండొందలు. వధువు వైపు బిల్లు ఇరవై తొమ్మిది వేల ఆరొందలు. మొత్తం మీద పద్నాలుగు వందల పదహారు పాయింట్లు. ఎర్ర కార్డు గీకితే మూడొందలు చేతిలో పడతాయి కదా అని ఒక్క క్షణం అనిపించింది. ఎర్రదాన్ని మళ్లీ పర్సులో పెట్టేశాడు.

ఏసోబు బనియన్ లోపలి జేబులోంచి నోట్ల కట్టలు తీసి గుడ్డసంచీలో వేసుకుని కౌంటరు వైపు కదిలాడు. ఆనంద్ పాల్ ఎదురెళ్లాడు.

"అన్నయ్యగారూ, ఆ లైన్లో మీరెక్కడ నిలబడతారండీ? ఇలా ఇవ్వండి, రెండూ కలిపి నేను కట్టేస్తాను."

"మీకెందుకు శ్రమ మాస్టారూ."

"శ్రమేముందండీ."

ఏసోబు సంచీ ఇచ్చి, వెళ్లి షాపు అమ్మాయి తెచ్చిన కూల్‌డ్రింకు తాగాడు. ప్రభావతి భర్త చెవి దగ్గరికి వచ్చింది.

"ఆయనకి చెప్పారా, కార్డు సంగతి?"

"చెబితే అర్థమవదు. రేపటి దాకా చెబుతూ కూర్చోవాలి."

"బావగారికి చెప్పారు కదా."

"బావ మనవాడు."

క్యాషియరు బిల్లు మీద ఎవరి పేరు రాయమంటారని అడిగాడు. ఇక్కడ ఆనంద్ పాల్ జాగ్రత్తగానే ఉన్నాడు. వాళ్ల వైపు చర్చి సంఘాల్లో పెళ్లికి ముందురోజు బట్టల ప్రార్థన ఉంటుంది. వరుడి ఇంటివాళ్లు పెళ్లికూతురి బట్టలు పళ్లేల్లో పెట్టి తెస్తారు. సంఘ పెద్ద బిల్లు తీసి, ఏ చీర ఎంతో, ఎవరు కొన్నారో అందరికీ వినబడేటట్టు చదువుతాడు. పూర్వం ఎవరో అరువు చీరలు పెట్టి పెళ్లయ్యాక పట్టుకుపోయారని, అప్పట్నుంచి ఈ పద్ధతి వచ్చిందని చెబుతారు. బిల్లు చదివాక వరుడి తండ్రి తన చేత్తో పళ్లెం ఎత్తి పిల్లకి అందించాలి. అందుకని పెద్ద బిల్లు మీద "ఏసోబు గారు, పెదవేగి" అని దగ్గరుండి రాయించాడు. క్యాషియరు కార్డు గీకి, వచ్చిన స్లిప్పు మీద సంతకం పెట్టించుకుని, రెండో స్లిప్పు బిల్లు వెనక్కి పెట్టి టక్కున పిన్ను కొట్టాడు. ఆ పిన్ను చప్పుడు ఆనంద్ పాల్ విన్నాడు. అతని బుర్ర అప్పటికే పద్నాలుగో పేజీలో ఉంది.

బిల్లు చీర పెట్టెలో పడి, ఆ పెట్టె పెదవేగిలో ఏసోబు బీరువాలోకి వెళ్లింది. డబ్బు శుక్రవారం బ్యాంకు తెరిచేసరికి కార్డు ఖాతాకి వెళ్లింది. పాయింట్లు నెలాఖరుకి పడ్డాయి. గ్రైండరు మే ఇరవై రెండున కొరియరులో తాడేపల్లిగూడెం వచ్చింది. ప్రభావతి దానికి ఎర్ర మెరుపు కాగితం చుట్టి, మీద ఇద్దరి పేర్లూ రాసింది.

పెళ్లి ముందురోజు సాయంత్రం నాలుగింటికి ఎలీషా ఇంటి ముందు టెంటు కింద బట్టల ప్రార్థన మొదలైంది. ఒక పక్క వధువు వైపు సామాను: మంచం, బీరువా, గిన్నెలు, వాటి ముందు ఎర్ర కాగితంలో గ్రైండరు. ఎదురుగా చాప మీద వరుడి వైపు పళ్లేలు. సంఘ పెద్ద మాణిక్యం రిటైరైన సర్వేయరు. చేతికొచ్చిన కాగితంలో ఒక్క అక్షరం వదిలిపెట్టని అలవాటు. పొలం గట్టు గొడవల్లో ఆ అలవాటు చాలామందిని బాగు చేసింది.

"కంచి పట్టు, తెలుపు, ఒకటి. ఎనిమిది వేల నాలుగొందలు" అని మొదలెట్టాడు. ముసుగులూ జాకెట్ ముక్కలూ కూడా వదల్లేదు. "మొత్తం నలభై ఒక్క వేల రెండొందలు. కొన్నవారు ఏసోబు గారు, పెదవేగి."

"దేవునికి స్తోత్రం" అన్నారు ఆడవాళ్లు.

ఏసోబు పళ్లెం కోసం వంగాడు.

"ఆగండాగండి" అన్నాడు మాణిక్యం. "వెనకాల ఇంకో కాయితం ఉంది." కళ్లజోడు పైకి తోసి, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నాడు. "ఆనంద్ పాల్... జి. నలభై ఒక్క వేల రెండొందలు. అదే తారీకు."

పళ్లెం మీదికి వంగిన ఏసోబు తల తిప్పి మాణిక్యాన్ని చూశాడు.

"అంటే?" అంది యేసమ్మ. "మా కోడలికి చీర మీ మేనమామ కొన్నాడా?"

"లేదండీ అక్కగారూ, అది కార్డు..." అంటూ ఆనంద్ పాల్ లేచాడు.

ఏసోబు నడుం ఎత్తి నిటారుగా నిలబడ్డాడు. పళ్లెం చాప మీదే ఉంది. "మాస్టారూ, నేను సంచీతో డబ్బు మీ చేతికిచ్చానా, లేదా?"

"ఇచ్చారండి. మొత్తం ఇచ్చారు."

"ఆ డబ్బు షాపులో కట్టారా?"

"షాపులో కాదండి. బ్యాంకులో."

"ఎవరి పేరు మీద?"

ఆనంద్ పాల్ అక్క వైపు చూశాడు. "నా పేరు మీదేనండి" అన్నాడు.

వెనకాల ఎవరో "అబ్బో" అన్నారు. యేసమ్మ చెంగు దోపుకుంది. "నువ్వు నోరు ముయ్యి ఏసోబూ, నేనడుగుతాను. మా డబ్బు నీ ఖాతాలో వేసుకుని, మా బట్టలకి నీ సంతకం పెట్టావ్. ఏం తమ్ముడూ, మేం అంత చేతకానోళ్లలా కనబడ్డామా మీ కంటికి?"

"నలుగురిలో చదివాక ఇంకేం చేస్తాం" అన్నాడు ఏసోబు. గొంతు పెంచలేదు. "రేపు మా ఊళ్లో ఏమంటారు? ఏసోబు కోడలికి బట్టలు కూడా పెట్టలేదంటారు." వెళ్లి కుర్చీలో కూర్చుని చేతులు కట్టుకున్నాడు.

పళ్లెం ఎత్తకపోతే ప్రార్థన ముగియదు. ప్రార్థన ముగియకపోతే తెల్లారి పది గంటలకి చర్చిలో ఏమవుతుందో ఎవరూ పైకి అనలేదు. జాయ్సీ తలుపు దగ్గర నిలబడి, ఎవరి మొహమూ చూడకుండా గాజులు లెక్కపెట్టుకుంటోంది.

ఆనంద్ పాల్‌కి ఇప్పుడు మొత్తం చెప్పడం తప్ప దారి లేదు. చెప్పాడు. వందకి రెండు పాయింట్లు, పదమూడు వందల అరవై తక్కువ, రంగుల పుస్తకం. క్లాసులో చెప్పినట్టు చెప్పాడు. క్లాసులో కూడా ఇంత మంది ఇంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు. చివరికి చెయ్యి చాపి ఎర్ర కాగితం పెట్టెని చూపించాడు.

"అదా?" అన్నాడు మాణిక్యం.

"అదేనండి."

"అంటే ఏసోబు గారు చీరలు కొంటే మీకు గ్రైండరు ఇచ్చారు."

"మొత్తం దాని మూలంగా కాదండి. ఏడు వేల ఆరొందల నలభై పాయింట్లు నావేనండి, రెండేళ్లవి. మా బావ బిల్లుకి ఐదొందల తొంభై రెండు. అన్నయ్యగారి బిల్లుకి ఎనిమిది వందల ఇరవై నాలుగు."

మాణిక్యం బిల్లు వెనకే పెన్సిలుతో గీసుకున్నాడు. పొలం పంచినట్టు పంచాడు. "ఏసోబు గారి వాటా పదకొండో వంతు తేలుతోంది. మూడు వేల గ్రైండరయితే రెండొందల డెబ్భై చిల్లర. అది ఆయనకి ఇచ్చేస్తే..."

"డబ్బులెవరిక్కావాలండీ!" అంది యేసమ్మ. "ఒక్క మాట చెప్పు తమ్ముడూ. మా ఎనిమిది వందలు లేకపోతే నీ గ్రైండరు వచ్చేదా?"

ఆనంద్ పాల్ లెక్కల మాస్టారు. తప్పు జవాబు చెప్పడం రాదు.

"వచ్చేది కాదండి" అన్నాడు.

"మరి చెప్పకుండా ఎందుకు తీసుకున్నావ్?"

ఇది లెక్క కాదు. దీనికి జవాబు వెతికాడు. ఏలూరు కౌంటరు దగ్గర ప్రభావతి అడిగినప్పుడే వెతికి ఉండాల్సింది. ప్రభావతి ఇప్పుడు నేల చూస్తోంది. అక్క మాత్రం అతన్నే చూస్తోంది. కెజియా పెళ్లినాడు చూసినట్టు లేదు ఆ చూపు. అప్పుడు ఆమెకి తమ్ముడి మీద జాలి. ఇప్పుడు కూతురి మీద భయం.

"మాణిక్యం గారూ" అన్నాడు ఆనంద్ పాల్, "వాటాలొద్దండి. గ్రైండరు వరుడి వైపు లిస్టులో రాయండి. అన్నయ్యగారి పేరు మీద."

"మొత్తమా?"

"మొత్తం. చెప్పకపోవడం నాదే తప్పండి అన్నయ్యగారూ. మీ డబ్బుతోనే బట్టలు వచ్చాయి. ఆ స్లిప్పు మీద పేరు ఉత్త కార్డుది."

ఎలీషా తనే లేచి, అన్న కొడుకుని పిలిచి, ఇద్దరూ చెరోపక్కా పట్టుకుని గ్రైండరుని ఎత్తారు. రెండు రాళ్ల బరువు. మంచం పక్కనుంచి, చాప అంచు దాటించి, పళ్లేల పక్కన దించారు. ప్రభావతి వెళ్లి, తను రాసిన కాగితం ముక్కని గోటితో గీకి ఊడదీసింది. యేసమ్మ పెట్టె మీద చెయ్యేసి అటూ ఇటూ ఊపి చూసింది. "గట్టిదే" అంది.

ఏసోబు లేచి, చెప్పులు విడిచి, పళ్లెం ఎత్తి జాయ్సీ చేతుల్లో పెట్టాడు. మాణిక్యం ప్రార్థన చేశాడు. కొంచెం పొడుగ్గానే చేశాడు.

టీలు తాగుతుంటే ఎలీషా పక్కన చేరాడు. "మరి రేపు చదివింపుల్లో నీ పేరున ఏం చదవమంటావ్ రా?"

"షాపులు ఎన్నింటి దాకా ఉంటాయి బావా?"

"ఏడింటి దాకా."

ప్రభావతి అప్పటికే స్కూటరు దగ్గర నిలబడి ఉంది. గణపవరం సెంటర్లో ఎలక్ట్రికల్ షాపతను మూడు జార్ల మిక్సీకి రెండు వేల ఎనిమిది వందల యాభై చెప్పాడు. ఆనంద్ పాల్ అలవాటు కొద్దీ పర్సు తెరిచి మూడు కార్డులూ చూశాడు. షాపతను చూసి, "మిషను ఉందండి. కార్డయితే రెండు శాతం ఎక్కువ" అన్నాడు.

"ఎర్రదాంట్లో ఐదు శాతం వస్తుంది. రెండు పోయినా..." అంటూ ఆనంద్ పాల్ మొదలెట్టాడు.

"ఏవండీ" అంది ప్రభావతి.

ఆమె బ్యాగులోంచి తెల్ల కవరు తీసింది. రెండు నెలల నైట్ డ్యూటీ డబ్బు. బల్ల మీద వందలూ యాభైలూ పరిచింది. ఆనంద్ పాల్ పర్సు మూసేశాడు. దారంతా మిక్సీ పెట్టె ఇద్దరి మధ్యా ఉంది. చేపల చెరువుల గట్టు మీద స్కూటరు నెమ్మదిగా నడిపాడు.

ఇంటి ముందు ఏసోబు ట్రాక్సు డ్రైవరుతో మాట్లాడుతూ నిలబడి ఉన్నాడు. స్కూటరు ఆగగానే దగ్గరికొచ్చి, పెట్టె దించడానికి ఒక చెయ్యి వేశాడు.

"మిక్సీయా మాస్టారూ?"

"అవునండి అన్నయ్యగారూ."

"ఎంతయింది?"

"రెండు వేల ఎనిమిది వందల యాభై."

ఏసోబు పెట్టెని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కార్డా, క్యాషా?"

"క్యాషేనండి."

"ఎవరి క్యాషు?"

"మా ఆవిడదండి."

ఏసోబు తల ఊపాడు. పెట్టె తనే ఎత్తుకుని టెంటు లోపలికి నడిచి, వధువు వైపు సామానులో మంచం ముందు, గ్రైండరు లేచిన ఖాళీలో పెట్టాడు. వెనక్కి తిరిగి, "మాణిక్యం గారూ, ఇది అమ్మాయి మేనమామగారి భార్య ప్రభావతి గారి పేరున రాసుకోండి" అన్నాడు. మాణిక్యం కళ్లజోడు పెట్టుకుని బిల్లు అడిగాడు. ఆనంద్ పాల్ ఇచ్చాడు. మాణిక్యం ముందు చదివి, వెనక్కి తిప్పి అక్కడున్నది కూడా చదివాడు. రెండేళ్ల గ్యారంటీ, మోటారుకి మాత్రమే.